గీత ఇవతల పంట, అవతల గంజాయి: హెంప్ పరీక్షల్లో 0.3 శాతం చిక్కు

వరి పండించే ఊళ్లో ఎవరినడిగినా తేమ మీటరు గురించి ఒక కథ చెబుతారు. కొనుగోలు కేంద్రంలో గుప్పెడు గింజలు పోసి చూస్తే 17 శాతం వస్తుంది, రైతు ఊపిరి పీల్చుకుంటాడు. అదే ధాన్యం మిల్లు గేటు దగ్గర 19 చూపిస్తుంది, తరుగు లెక్క మొదలవుతుంది. బస్తాలోని గింజ మారలేదు. మారినవి మీటరు, గుప్పెడు తీసిన చోటు, రాత్రి కురిసిన మంచు. ఇక్కడ రైతు పోగొట్టుకునేది బస్తాకు కొన్ని కిలోలు. అలాంటి తేడాకే పంట మొత్తం ధ్వంసం చేయాల్సి వస్తే? సరుకు మోసుకుపోతున్న లారీ డ్రైవరు జైలుకు పోవాల్సి వస్తే? అమెరికాలో హెంప్ పండించేవాళ్లు, అమ్మేవాళ్లు కొన్నేళ్లుగా ఈ భయంతోనే బతుకుతున్నారు.

హెంప్, గంజాయి వేరువేరు మొక్కలు కావు. వృక్షశాస్త్రం లెక్కలో రెండూ కన్నాబిస్ సటైవా అనే ఒకే జాతి. ఒక రకాన్ని నార కోసం, గింజల కోసం తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చారు. ఇంకో రకాన్ని ఆడ మొక్కల పూగుత్తుల్లో ఊరే బంక కోసం పెంచుతూ వచ్చారు. ఆ బంకలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ. మత్తు ఇవ్వకుండా, కొన్ని రకాల మూర్ఛలకు మందుగా పనికొచ్చేది సీబీడీ. రెండూ రెండు రకాల్లోనూ ఉంటాయి, పాళ్లే తేడా. పెరటి కోడీ పందెం కోడీ ఒకే జాతి అయినా మనవాళ్లు చూడగానే చెప్పేస్తారు. సీబీడీ కోసం పెంచే హెంప్ విషయంలో ఆ వీలు కూడా లేదు. ఆకు, పూత, వాసన అన్నీ గంజాయివే.

తెలుగులో ఇంకో తికమక కూడా ఉంది. హెంప్ అన్న ఇంగ్లిషు మాటను చాలాసార్లు ‘జనపనార’ అని రాసేస్తుంటారు. మన జనుము వేరు. అది చిక్కుడు కుటుంబపు మొక్క. జీలుగ లాగే పచ్చిరొట్ట ఎరువు కోసం చల్లి, పూత దశలో పొలంలోనే కలియదున్నుతారు. ఇంగ్లిషువాళ్లు దానికి సన్ హెంప్ అని పేరు పెట్టారు. గోగును డెక్కన్ హెంప్ అన్నారు. ఆ గోగు నారకే మన భీమునిపట్నం పేరు మీద ‘బిమ్లీపటం జూట్’ అని వ్యాపార నామం కూడా స్థిరపడింది. గోగు శాస్త్రీయ నామంలో ‘కన్నాబినస్’ అన్న ముక్క ఉంది. ఆకు గంజాయి ఆకులా చీలి ఉంటుందని అలా పిలిచారు, అంతకు మించి చుట్టరికం లేదు. గోంగూర పచ్చడి తిని ఇప్పటిదాకా ఎవరికీ నిద్ర తప్ప మత్తు రాలేదు. ఈ వ్యాసంలో హెంప్ అన్నచోటల్లా మత్తు తక్కువగా ఉండే గంజాయి జాతి మొక్క అనే అర్థం.

ఆకులకు పెట్టిన కొలత

‘తక్కువ’ అంటే ఎంత? చాలా దేశాలు వాడుతున్న అంకె 0.3 శాతం. ఇది వైద్యులు చెప్పింది కాదు, పోలీసులు తేల్చింది కాదు. కెనడాలో ఎర్నెస్ట్ స్మాల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అనేక దేశాల నుంచి తెప్పించిన విత్తనాలను ఒట్టావాలో ఒకేచోట నాటి పెంచాడు. అమెరికాకు చెందిన ఆర్థర్ క్రాంక్విస్ట్‌తో కలిసి 1976లో ఒక వర్గీకరణ పత్రం ప్రచురించాడు. మొక్కలను రెండు ఉపజాతులుగా విడదీయాలంటే ఎక్కడో ఒకచోట గీత గీయాలి. లేతగా, ఏపుగా ఉన్న ఆకుల్లో ఎండు బరువు మీద 0.3 శాతం టీహెచ్‌సీ దగ్గర గీశారు. ఇది తమ వీలు కోసం ఎంచుకున్న అంకె అని దాచకుండా అందులోనే రాశారు కూడా.

ఆకులు అన్న మాట ఇక్కడ ముఖ్యం. బంక ఎక్కువగా ఊరేది ఆడ మొక్క పూగుత్తుల్లో. ఆకులో 0.3 ఉన్న మొక్క పూతలో అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. మ్యూజియంలో ఆకుల అట్టల మీద పేర్లు రాసుకోవడానికి పుట్టిన అంకెను చట్టాలు ఎత్తుకుపోయి, ఆకును వదిలేసి పూగుత్తికి తగిలించాయి. నా మటుకు ఇప్పటి చిక్కుల్లో సగానికి మూలం ఇక్కడే ఉందనిపిస్తుంది. అంకె అందరికీ గుర్తుంది, ఎందులో, ఎప్పుడు, ఎలా కొలిచిన అంకె అన్నది మాత్రం జారిపోయింది.

అమెరికా 2014 వ్యవసాయ చట్టంలో ఈ 0.3ని పెట్టి, ప్రయోగాత్మక సాగుకు తలుపు తీసింది. 2018 డిసెంబరులో వచ్చిన మరో వ్యవసాయ చట్టం హెంప్‌ను మాదకద్రవ్యాల జాబితా నుంచే తీసేసింది. యూరోపియన్ యూనియన్ చాలాకాలం రైతు సబ్సిడీకి 0.2 శాతం హద్దు పెట్టి, 2023 నుంచి 0.3కు పెంచింది. పక్కనే ఉన్న స్విట్జర్లాండ్‌లో హద్దు 1 శాతం. అంటే ఆల్ప్స్ కొండల్లో ఒక వాలున పంట అయినది, అవతలి వాలున మాదకద్రవ్యం కావచ్చు.

మొక్కకు చట్టం తెలియదు

రైతు తప్పు చేయకపోయినా పంట గీత దాటడానికి కారణం మొక్క లోపలే ఉంది. పచ్చి మొక్కలో సీబీడీ నేరుగా పెద్దగా ఉండదు, దాని ఆమ్ల రూపం ఉంటుంది. దాన్ని తయారుచేసే ఎంజైము పని అంత శుభ్రంగా చేయదు. బెల్లం వండితే మడ్డి తేలినట్టు, సీబీడీ తయారయ్యేచోట కొద్దిగా టీహెచ్‌సీ కూడా తయారవుతూనే ఉంటుంది. సుమారుగా ఇరవై పాళ్లకు ఒక పాలు, మంచి రకాల్లో అంతకన్నా కాస్త తక్కువ. ఈ నిష్పత్తి విత్తనంలోనే రాసి ఉంటుంది.

లెక్క వేసి చూడండి. ఇరవైకి ఒకటి అయితే, సీబీడీ 6 శాతానికి చేరిన రోజున టీహెచ్‌సీ 0.3కు చేరుతుంది. సీబీడీ నూనె తీసేవాళ్లు పంటకు ధర కట్టేది సీబీడీ శాతాన్ని బట్టి. 10 శాతం పండితే రైతుకు పండగే, కానీ ఆ 10తో పాటు టీహెచ్‌సీ 0.5 వచ్చేస్తుంది. పూత ముదిరేకొద్దీ రెండూ కలిసే పెరుగుతాయి. ముందు కోస్తే డబ్బు రాదు, ఆగితే పంట ఉండదు. ఎండ దెబ్బకో నీటి ఎద్దడికో టీహెచ్‌సీ ఉన్నట్టుండి పెరిగిపోతుందని రైతుల్లో ఒక నమ్మకం ఉండేది. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మొక్కలను రకరకాలుగా బాధపెట్టి చూశారు. వాటి నిష్పత్తి చెదరలేదు. తేడా తెచ్చేవి రకం, కోత రోజు.

ఇక కోతకు ముందు జరిగే తంతు. అమెరికా వ్యవసాయ శాఖ 2021లో ఖరారు చేసిన నిబంధనల ప్రకారం కోతకు ముందు 30 రోజుల లోపల అధీకృత నమూనాదారు పొలానికి రావాలి. తొలి ముసాయిదాలో ఈ గడువు 15 రోజులే. ఎక్కడి ప్రయోగశాలలూ అంత వేగంగా ఫలితాలు ఇవ్వలేవని గోల పెట్టాక పెంచారు. వచ్చిన మనిషి పొలంలో అడ్డదిడ్డంగా తిరుగుతూ అక్కడో మొక్క ఇక్కడో మొక్క ఎంచుకుని, కొన నుంచి 5 నుంచి 8 అంగుళాల ముక్క కత్తిరిస్తాడు. అన్నీ కలిపి ఒక సంచిలో వేసి సీలు వేస్తాడు. యూరప్ పద్ధతిలో అయితే ఆడ పూగుత్తి ఉన్న 30 సెంటీమీటర్ల ముక్క తీయాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కొనలో పూత చిక్కగా ఉంటుంది. కిందికి వచ్చేకొద్దీ కాడ, ఈనెలు, పాత ఆకులు కలుస్తాయి. 15 సెంటీమీటర్ల ముక్కను పొడి చేసి కొలిస్తే ఒక అంకె, అదే మొక్క నుంచి 30 సెంటీమీటర్లు తీసి కొలిస్తే ఇంకో అంకె. కత్తెర ఎక్కడ పడిందన్నదే పంట తలరాత. కోసిన మొక్క మొత్తాన్ని, కాడతో సహా, పొడి చేసి కొలిస్తే అంకె ఇంకా దిగుతుంది. రైతు అమ్మేది మొత్తం మొక్కనే అయినప్పుడు కొననే ఎందుకు కొలవాలన్నది వాళ్ల వాదన. అమ్మేది పూతను మాత్రమే అయితే కొలవాల్సింది కొననే అన్నది ఎదుటివాళ్ల వాదన. రెండూ సబబైనవే.

0.3 దాటిన పంటను ధ్వంసం చేయాలి, లేదా పూత తీసి నాశనం చేసి మిగతాది ఉంచుకోవాలి, అదీ కాకపోతే మొత్తాన్నీ ముక్కలు చేసి కలిపి మళ్లీ పరీక్షకు పంపాలి. 1 శాతం లోపు ఉంటే దాన్ని రైతు నిర్లక్ష్యంగా కూడా పరిగణించరు. అంతకు మించితే ఒక తప్పు రాస్తారు. ఐదేళ్లలో మూడు తప్పులు పడితే మరో ఐదేళ్లు సాగుకు అనర్హత. నార కోసం వేసే పంటలో ఈ ప్రమాదం తక్కువ. అయినా చాలాచోట్ల వాళ్లకూ ఈ పరీక్షల ఖర్చు తప్పదు.

యంత్రం లోపల

సంచి ప్రయోగశాలకు చేరింది. అక్కడ అసలు తిరకాసు మొదలవుతుంది. పచ్చి మొక్కలో టీహెచ్‌సీ కూడా చాలావరకు ఆమ్ల రూపంలోనే, అంటే టీహెచ్‌సీఏగా ఉంటుంది. అది మత్తెక్కించదు. నిప్పు తగిలితే, పొయ్యి మీద వేడెక్కితే, అందులోంచి బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి మత్తెక్కించే డెల్టా-9 టీహెచ్‌సీగా మారుతుంది. వాయువు పోయాక మిగిలే బరువు అసలు బరువులో 0.877 వంతు. అందుకే నియంత్రణ సంస్థలు ఒక సూత్రం పెట్టుకున్నాయి. టీహెచ్‌సీఏను 0.877తో హెచ్చించి, ఉన్న డెల్టా-9కు కలిపితే వచ్చేది ‘మొత్తం టీహెచ్‌సీ’.

ఒక నమూనా తీసుకుందాం. డెల్టా-9 0.08 శాతం, టీహెచ్‌సీఏ 0.29 శాతం. డెల్టా-9 ఒక్కటే చూస్తే గీతకు చాలా దూరం. సూత్రం వేస్తే 0.25 కలిసి, మొత్తం 0.33. గీత దాటింది.

దీన్ని కొలిచే యంత్రాలు ముఖ్యంగా రెండు రకాలు. గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో నమూనా లోపలికి వెళ్లే మూతి దగ్గరే బాగా వేడిగా ఉంటుంది. టీహెచ్‌సీఏ అక్కడే కాలి టీహెచ్‌సీ అయిపోతుంది, కాబట్టి ఆ యంత్రం దాదాపు మొత్తాన్నే చూపిస్తుంది. దాదాపు అనడం ఎందుకంటే ఆ మార్పు ఎప్పుడూ నూటికి నూరు పాళ్లు జరగదు. ద్రవ క్రొమటోగ్రాఫ్‌లో ఆ వేడి ఉండదు, రెండింటినీ విడివిడిగా చూపిస్తుంది. ‘ఈ మొక్కలో డెల్టా-9 ఎంత?’ అని రెండు యంత్రాలను అడిగితే రెండు జవాబులు చెబుతాయి, రెండూ అబద్ధం కాదు. మొక్కలో అప్పటికి లేని దాన్ని మొదటి యంత్రం పరీక్షలోనే పుట్టించింది, అంతే.

ఆపైన ప్రతి కొలతకూ ఒక ఊగిసలాట ఉంటుంది. అమెరికా నిబంధనలు దీన్ని ఒప్పుకున్నాయి. ప్రయోగశాల తన అనిశ్చితిని కూడా నివేదికలో రాయాలి. ఆ హెచ్చుతగ్గుల పరిధిలో 0.3 పడితే పంట నెగ్గినట్టే. మన నమూనా 0.33 కదా. ప్రయోగశాల అనిశ్చితి 0.05 అయితే పరిధి 0.28 నుంచి 0.38, పంట నెగ్గింది. ఇంకా మంచి యంత్రం, నిపుణులైన సిబ్బంది ఉన్న ప్రయోగశాలలో అనిశ్చితి 0.02 అనుకోండి. పరిధి 0.31 నుంచి 0.35, పంట పోయింది. కొలత ఎంత గరుకుగా ఉంటే రైతుకు అంత క్షేమం! న్యాయం కోసం పెట్టిన వెసులుబాటు మంచి ప్రయోగశాలకు శిక్షలా మారడం ఈ వ్యవహారం మొత్తంలో నాకు అన్నిటికన్నా విచిత్రంగా కనిపించే ముక్క.

ఇన్ని రకాల అంకెలు వస్తుంటే అనుకూలమైన అంకె ఇచ్చే ప్రయోగశాల కోసం తిరగడం సహజం. దీన్ని అరికట్టాలంటే అందరూ తమ యంత్రాలను సరిచూసుకోవడానికి ఒకే తూకపు రాయి కావాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020లో ప్రయోగశాలలన్నిటికీ ఒకే నమూనా పంపి, ఫలితాలు పోల్చే కార్యక్రమం మొదలుపెట్టింది. 2024లో కొలతలు ముందే తేల్చిన హెంప్ పొడిని ప్రామాణిక పదార్థంగా విడుదల చేసింది. పంట చట్టబద్ధమైన ఆరేళ్లకు తూకపు రాయి వచ్చిందన్నమాట. పరీక్షించే ప్రయోగశాలలన్నీ మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ దగ్గర నమోదు కావాలన్న నిబంధన సంగతి మరీ ఘోరం. అలాంటివి చాలినన్ని లేక దాని అమలును పదేపదే వాయిదా వేస్తూ పోయారు.

రోడ్డు మీద

2019 జనవరిలో ఒక లారీ ఆరెగాన్ రాష్ట్రం నుంచి కొలరాడోకు హెంప్ తీసుకుపోతోంది. దారిలో ఐడహో రాష్ట్ర పోలీసులు ఆపారు. లోపల 6,700 పౌండ్లు, అంటే మూడు టన్నుల సరుకు. డ్రైవరు కాగితాలు చూపించి హెంప్ అన్నాడు. అతను అన్నది నిజమే. కానీ ఐడహో చట్టంలో అప్పటికి టీహెచ్‌సీ ఏ కాస్త ఉన్నా గంజాయే. డ్రైవరును అరెస్టు చేసి, సరుకు స్వాధీనం చేసుకున్నారు. కేంద్ర చట్టం అంతకు నెల క్రితమే మారింది, దాని కింద రావాల్సిన నిబంధనలు మాత్రం ఇంకా రాలేదు. ఆ సందులో లారీ ఇరుక్కుంది. 2021లో ఐడహో కూడా హెంప్ సాగును అనుమతించింది, యాభై రాష్ట్రాల్లో చిట్టచివరిగా.

రోడ్డు మీద పోలీసు దగ్గర ఉండే పరీక్ష ఒక చిన్న రసాయనపు సంచి. చిటికెడు ఆకు వేసి నలిపితే ఊదా రంగు వస్తుంది. ఆ రంగు గంజాయి జాతి పదార్థాలు ఉన్నాయని మాత్రమే చెబుతుంది, ఎన్ని పాళ్లో చెప్పదు. హెంప్ వేసినా ఊదా రంగే. వాసన పట్టే కుక్కలదీ ఇదే కథ. హెంప్ లేని రోజుల్లో ఆ పరీక్ష చాలేది. టెక్సస్ రాష్ట్రం 2019 జూన్‌లో హెంప్‌ను చట్టబద్ధం చేయగానే అక్కడి ప్రాసిక్యూటర్లకు మతి పోయింది. దొరికిన ఆకు గంజాయే అని నిరూపించాలంటే ఇకపై టీహెచ్‌సీ శాతం తేల్చాలి. ప్రభుత్వ ఫోరెన్సిక్ ప్రయోగశాలలకు అప్పటిదాకా ఉందా లేదా చెప్పడమే పని, ఎంత ఉందో కొలిచే ఏర్పాటు లేదు. వందల కొద్దీ గంజాయి కేసులు ఎత్తేయాల్సి వచ్చింది. హెంప్‌ను అనుమతించడమంటే వ్యవసాయ శాఖ ఒక్కటి సంతకం పెడితే చాలదని, ఫోరెన్సిక్ శాఖ బడ్జెట్ కూడా మారాలని వాళ్లకు అప్పుడు తెలిసింది. స్విట్జర్లాండ్‌లో వాడే మరో రంగు పరీక్ష కాస్త మేలు. సీబీడీ ఎక్కువైతే గులాబీ రంగు, టీహెచ్‌సీ ఎక్కువైతే నీలం. అది కూడా ఏ వైపు మొగ్గిందో చెబుతుంది కానీ 0.3 గీతను చూపించలేదు.

నాలుగు గ్రాముల జెల్లీ

పొలం దాటి దుకాణంలోకి వస్తే అదే అంకె వేరే వేషం వేస్తుంది. 0.3 శాతం ఎండు బరువు అన్నది పంటకు సరే. దాన్నే మిఠాయికి పెడితే? నాలుగు గ్రాముల జెల్లీ బిళ్లలో 0.3 శాతం అంటే 12 మిల్లీగ్రాములు. గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేసిన కెనడాలో ఒక తినుబండారం ప్యాకెట్టు మొత్తానికి పెట్టిన హద్దు 10 మిల్లీగ్రాములు. అంటే 2018 చట్టం లెక్కలో అమెరికాలో ‘హెంప్’ పేరుతో ఒక్క బిళ్లలో కెనడా ‘గంజాయి’ ప్యాకెట్టును మించి పెట్టవచ్చు. ఇక 350 గ్రాముల పానీయం డబ్బా అయితే 1,050 మిల్లీగ్రాముల దాకా శాతం లెక్కలో ఇమిడిపోతుంది. శాతం అనేది బరువు పెరిగితే తనూ సాగిపోయే కొలత. ఒంటికి తెలిసేది మిల్లీగ్రాములే.

ఇంకో సందు రసాయనిక శాస్త్రంలో దొరికింది. 2018 చట్టం డెల్టా-9 పేరు మాత్రమే ఎత్తింది. సీబీడీని ఆమ్లంతో కలిపి వేడిచేస్తే డెల్టా-8 టీహెచ్‌సీ అనే తమ్ముడు వస్తాడు. మత్తు కాస్త తక్కువ, కానీ మత్తే. పంట ఎక్కువై సీబీడీ ధర పడిపోయిన రోజుల్లో గోదాముల్లో మిగిలిన సరుకంతా ఇలా మారి పెట్రోలు బంకుల్లో అమ్ముడైంది. 2022లో ఒక కేంద్ర అప్పీళ్ల కోర్టు చట్టంలోని మాటలనే పట్టుకుని, హెంప్ నుంచి వచ్చిన డెల్టా-8 చట్టబద్ధమేనని తేల్చింది. ఆ రసాయన చర్యలో పక్కన పుట్టే అనామక పదార్థాలేమిటో పరీక్షించాలన్న నియమం చాలాచోట్ల లేదు. వాటికి ప్రామాణిక నమూనాలే లేనప్పుడు యంత్రంలో కనబడ్డా పేరు పెట్టలేరు.

దీనికన్నా మొరటు పద్ధతి టీహెచ్‌సీఏ పూగుత్తులు. కోతకు ముందు పరీక్షలో ‘మొత్తం టీహెచ్‌సీ’ చూస్తారు. దుకాణంలోని సరుకుకు మాత్రం చట్టంలో ఉన్న డెల్టా-9 అన్న మాటే వర్తిస్తుందని అమ్మేవాళ్లు వాదించారు. పూగుత్తిలో టీహెచ్‌సీఏ 20 శాతం ఉన్నా డెల్టా-9 0.2 ఉంటే, కాగితం మీద అది హెంప్. అగ్గిపుల్ల గీసిన క్షణాన గంజాయి.

ఈ సందులన్నిటినీ ఒకేసారి మూయాలని 2025 నవంబరు 12న సంతకమైన ఖర్చుల బిల్లులో హెంప్ నిర్వచనాన్నే మార్చేశారు. ఇకపై మొత్తం టీహెచ్‌సీనే లెక్క. మొక్క బయట తయారుచేసిన రకాలు హెంప్ కావు. తుది ఉత్పత్తికి డబ్బా ఒక్కింటికి 0.4 మిల్లీగ్రాముల హద్దు. అమలుకు ఏడాది గడువు ఇచ్చారు. శాతం పోయి మిల్లీగ్రాములు రావడం మంచిదే. కానీ 12 మిల్లీగ్రాముల నుంచి ఒక్క దూకున 0.4కు దిగితే, మత్తు కోసం కాకుండా నొప్పికీ నిద్రకూ వాడే సీబీడీ నూనెల్లో కూడా చాలావాటికి చోటు ఉండదు. ఇరవైకి ఒకటి లెక్క మళ్లీ గుర్తు చేసుకోండి. మొక్క నుంచి తీసిన నూనెను మరీ శుద్ధి చేయకుండా సీసాలో పోస్తే, 8 మిల్లీగ్రాముల సీబీడీకే 0.4 టీహెచ్‌సీ వచ్చేస్తుంది. శుద్ధి చేసే దారిలోనూ ఒక గుంట ఉంది. నూనె తీసేటప్పుడు మధ్యలో కాసేపు టీహెచ్‌సీ చిక్కబడి 0.3 దాటుతుంది. ఆ కాసేపు అది నిషిద్ధ మాదకద్రవ్యమేనని మాదకద్రవ్యాల సంస్థ 2020లోనే చెప్పింది.

ఈ గొడవలో సీసా మీది మిగతా మాటలను ఎవరు చూస్తున్నారు? 2017లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షిస్తే, లేబుల్ మీద రాసినంత సీబీడీ ఉన్నవి 26 మాత్రమే. 18 సీసాల్లో టీహెచ్‌సీ దొరికింది. మరుసటి ఏడాది ఆహార, ఔషధ సంస్థ సీబీడీతో చేసిన మూర్ఛ మందును ఆమోదించింది. మందుగా ఆమోదించిన దాన్ని పోషకాహారంగా అమ్మకూడదన్నది అక్కడి నియమం. ఇప్పుడున్న చట్టాలు సీబీడీకి సరిపోవని, కొత్త దారి చూపమని 2023లో ఆ సంస్థే అమెరికా చట్టసభ కాంగ్రెస్‌ను అడిగింది. హెంప్ మట్టిలోని లోహాలను బాగా పీల్చుకుంటుంది కూడా. 1990ల చివర్లో చెర్నోబిల్ దగ్గర కలుషిత నేలను శుభ్రం చేయడానికి దీన్ని నాటి చూశారు. నేలను శుభ్రం చేసిన మొక్కను నూనె తీసి నాలుక కింద వేసుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. సీసం, కాడ్మియం పరీక్షలు టీహెచ్‌సీ పరీక్ష కన్నా తక్కువ ముఖ్యం కావు. వార్తల్లోకి ఎక్కేది మాత్రం ఎప్పుడూ ఆ 0.3యే.

మన చట్టంలో శాతం లేదు

భారతదేశంలో గీత వేరేచోట ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మొక్కను శాతాలతో కాక భాగాలతో విడదీసింది. పూత లేదా కాయ పట్టిన కొనలు గంజాయి. వేరుచేసిన బంక చరస్. కొనలతో కలవని ఆకులు, గింజలు గంజాయి కావు. అందుకే ఉత్తరాదిన ఆకులు నూరి చేసే భంగును కొన్నిచోట్ల ప్రభుత్వ లైసెన్సుతో అమ్ముతారు. ఈ నిర్వచనంలో టీహెచ్‌సీ ఎంత అన్న ప్రశ్నే లేదు. అనుమతి లేకుండా మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. అదే చట్టంలోని 14వ సెక్షను మాత్రం, నార లేదా గింజ కోసం పారిశ్రామికంగా, లేదంటే ఉద్యాన అవసరాలకు సాగును ప్రభుత్వం అనుమతించవచ్చని ఒక కిటికీ తెరిచి పెట్టింది.

ఆ కిటికీలోంచి 2018లో ముందుగా చెయ్యి చాచిన రాష్ట్రం ఉత్తరాఖండ్. లైసెన్సు షరతుగా 0.3 శాతాన్ని తెచ్చుకుంది. చిక్కేమిటంటే ఆ కొండల్లో ఈ మొక్క ఎవరూ వేయకుండానే దారి పక్కన మొలుస్తుంది. అక్కడివాళ్లు దాని గింజలు వేయించి చట్నీ నూరుకుంటారు, కాడల నారతో తాళ్లు పేనుతారు. ఆ నాటు రకాల్లో టీహెచ్‌సీ 0.3కు ఎంతో పైన ఉంటుంది. తక్కువ మత్తు విత్తనం బయటి నుంచి తెచ్చి వేశారనుకోండి, మగ మొక్కల పుప్పొడి గాలిలో కిలోమీటర్ల కొద్దీ పోతుంది. ఈ ఏడాది చేనులో కట్టిన గింజకు తండ్రి దారి పక్క మొక్క కావచ్చు. దాన్నే విత్తనంగా దాచుకుంటే వచ్చే ఏడాది పరీక్షలో చేను తప్పుతుంది. హిమాచల్‌ప్రదేశ్ 2025 జనవరిలో తన విశ్వవిద్యాలయాలతో ప్రయోగాత్మక అధ్యయనానికి ఒప్పుకుంది. ముందు విత్తనం, తర్వాత లైసెన్సు అన్న వరస నాకు సబబుగా తోస్తుంది.

ఆహార భద్రతా సంస్థ 2021 నవంబరులో హెంప్ గింజలు, గింజల నూనె, పిండిని తినదగినవిగా గుర్తించింది. గింజల్లో టీహెచ్‌సీ కిలోకు 5 మిల్లీగ్రాములు, నూనెలో 10 మించకూడదు. పొలం గీత అయిన 0.3 శాతం అంటే కిలోకు 3,000 మిల్లీగ్రాములు. గింజకు పెట్టిన హద్దు దానికి ఆరువందల వంతు చిన్నది. గింజ లోపల నిజానికి టీహెచ్‌సీ దాదాపు ఉండదు. ఉన్నదంతా పైన అంటుకున్న పూత బంక. కాబట్టి అక్కడ పరీక్ష తేల్చేది మొక్క రకాన్ని మాత్రమే కాదు, నూర్చిన తర్వాత గింజను ఎంత బాగా శుభ్రం చేశారన్నది కూడా.

మన దగ్గర ఈ పంట మాట ఎత్తితే ముందు గుర్తొచ్చేది విశాఖ మన్యం. ‘శీలావతి’ రకం గంజాయికి పేరుపడ్డ ఆంధ్రా, ఒడిశా సరిహద్దు కొండల్లో 2021లో పోలీసులు ‘పరివర్తన’ పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. తోటలు వెతకడానికి ఇప్పుడు డ్రోన్లు ఎగరేస్తున్నారు. డ్రోనుకు కనిపించేది ఆకుపచ్చ మడి, మొక్క వరసలు. అది అనుమతి ఉన్న హెంప్ మడా, శీలావతి మడా అన్నది పైనుంచి తెలియదు, దగ్గరకు వెళ్లినా తెలియదు. టెక్సస్‌లో జరిగినట్టు దొరికిన ప్రతి మూటకూ నిందితుడి వకీలు ‘ఇది హెంప్ కాదని నిరూపించండి’ అని అడిగే రోజు వస్తే, జవాబు చెప్పాల్సింది మంగళగిరి, హైదరాబాదు ఫోరెన్సిక్ ప్రయోగశాలలు. మన చట్టంలో శాతం లేకపోవడం ప్రస్తుతానికి పోలీసులకు రక్ష. శాతం అడిగే లైసెన్సులు వచ్చేకొద్దీ ఆ రక్ష పలచబడుతుంది.

అసలు చిక్కు అంతకన్నా దగ్గర్లోనే, 14వ సెక్షను మాటల్లోనే ఉంది. అనుమతి నారకు, గింజకు. హెంప్ గింజ ఒక్కొక్కటీ పూగుత్తిలోనే, బంక పట్టిన చిన్న రేకు గుల్ల లోపల కడుతుంది. గింజ చేతికి రావాలంటే కాయ పట్టిన కొనను కోయాలి. కాయ పట్టిన కొనకు అదే చట్టం 2వ సెక్షనులో పెట్టిన పేరు గంజాయి. కొడవలి పెట్టినప్పటి నుంచి నూర్చి గింజ వేరుచేసే దాకా కల్లంలో ఆ కుప్ప రెండు మూడు రోజులు పడి ఉంటుంది. ఆ రోజుల్లో తనిఖీకి వచ్చిన ఎక్సైజు అధికారి రిజిస్టరులో దాన్ని ఏమని రాయాలో రైతు చేతిలోని లైసెన్సు కాగితమే చెప్పాలి.